400 మంది రిసెప్షన్‌కి హోటల్ సిబ్బందికి ఎంత టిప్ ఇవ్వాలి? బిల్లులో శాతం చూడకండి, మనుషుల్ని లెక్కపెట్టండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. వైశాఖంలో చెల్లెలి పెళ్ళి. ముహూర్తం మీ ఊళ్ళో, మర్నాడు రాత్రి రిసెప్షన్ మాత్రం విశాఖ బీచ్ రోడ్డులో ఒక హోటల్లో. 400 మంది, బఫే, ప్లేటు 1,200 రూపాయలు. కొటేషన్‌లో 10 శాతం సర్వీస్ ఛార్జ్ వేసి, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ చూపించారు. "ఇంత తీసుకుంటున్నప్పుడు మళ్ళీ టిప్పులేంటి" అని నాన్నగారు. "ఆడపిల్ల పెళ్ళి, మాట రాకూడదు, ఓ పాతిక వేలు కెప్టెన్ చేతిలో పెట్టేద్దాం" అని బాబాయిగారు. కెప్టెన్ అంటే సర్వర్లందరి మీదా పెద్ద. ఇద్దరి మధ్యా ఎటూ తేల్చుకోలేక మీరు అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. 400 మందికి 12,000 నుంచి 15,000 రూపాయలు సరిపోతాయి. అది ఒక్కరి చేతిలో పెట్టకండి, మనిషి మనిషికీ విడిగా కవర్లో ఇవ్వండి. సర్వీస్ ఛార్జ్ అన్న లైను మాత్రం అడ్వాన్స్ కట్టకముందే తీసేయించండి. అతిథుల సంఖ్య మారితే ప్లేటుకి 30 రూపాయల పైచిలుకు అనుకోండి, దగ్గర దగ్గరగా సరిపోతుంది.

నేనెవరినో చెప్పకుండా అంకెలు చెబితే మీకు నమ్మకం కుదరదు. 2001లో పలాస దగ్గరి పల్లె నుంచి విశాఖ వచ్చి ఒక హోటల్లో ప్లేట్లు కడిగే పనిలో చేరాను. తర్వాత సర్వర్, కెప్టెన్, చివరికి బ్యాంక్వెట్, అంటే హోటల్లో జరిగే విందుల, సూపర్‌వైజర్. పంతొమ్మిదేళ్ళు అదే పని. ఇప్పుడు బయటికొచ్చి పెళ్ళివాళ్ళ తరఫున హోటళ్ళతో మాట్లాడి రిసెప్షన్ పనులు చూసిపెడుతున్నాను. కవరు తీసుకున్న చెయ్యీ నాదే, ఇప్పుడు జాబితా రాసి కవర్లు పంపిస్తున్న చెయ్యీ నాదే.

బిల్లులో ఇంత శాతం అని లెక్క ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. ప్లేటు 800 అయినా 2,000 అయినా కుర్రాడు మోసే ట్రే బరువు మారదు. 2,000 రూపాయల ప్లేటులో రొయ్యల వేపుడు ఉంటుంది, 800 ప్లేటులో ఉండదు, అంతే తేడా. ఎంగిలి ప్లేట్లు తీసేవాడికి రెండు చోట్లా అదే నడక, అదే రాత్రి. అందుకని మన లెక్క మనుషుల తలల మీద ఉండాలి. మీ 400 మందికి నేను వేసే లెక్క ఇది.

బఫేకి 20 మంది అతిథులకు ఒక సర్వర్ చొప్పున వేస్తారు. అంటే సర్వర్లు 20 మంది. మనిషికి 200 చొప్పున 4,000. కెప్టెన్లు ఇద్దరు, చెరి 1,000, మొత్తం 2,000. వంటగదికి, దోసెలూ చాట్ వేసే లైవ్ కౌంటర్ల వాళ్ళతో కలిపి, 3,000. గిన్నెలూ ప్లేట్లూ కడిగేవాళ్ళు ఆరుగురు, 200 చొప్పున 1,200. హాలు తుడిచేవాళ్ళు, బాత్రూంల దగ్గర నిలబడేవాళ్ళు కలిపి నలుగురు, 800. కార్లు పార్క్ చేసే వాలే కుర్రాళ్ళు ఐదుగురు, 1,000. ఎలక్ట్రీషియన్, సామాను ఎక్కించి దించిన మనిషి, గేటు దగ్గర సెక్యూరిటీ, ఈ ముగ్గురికి 600. అన్నీ కలిపితే 12,600. పైన ఇంకో 2,400 విడిగా ఉంచుకోండి. అది ఎందుకో తర్వాత చెప్తాను.

ఇది మా పనిలో మర్యాదగా సాగే లెక్క. చట్టం ఏమీ లేదు. మీరు సర్వర్‌కి 100 ఇచ్చినా ఎవరూ మొహం మాడ్చుకోరు, 500 ఇస్తే ఆ రాత్రి వాడికి పండగ. కానీ 20 మందిలో ఐదుగురికి 500 ఇచ్చి పదిహేనుమందిని వదిలేయడం కన్నా అందరికీ 150 ఇవ్వడం మంచిది.

సర్వీస్ ఛార్జ్ సంగతి

నాన్నగారి కోపంలో న్యాయం ఉంది. ఆ కోపం చూపించాల్సింది కొటేషన్ మీద.

మీ లెక్కే చూడండి. 400 ప్లేట్లు, ప్లేటు 1,200 అంటే 4,80,000. దాని మీద 10 శాతం సర్వీస్ ఛార్జ్ 48,000. ఆ 48,000 మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 8,640. అంటే ఆ ఒక్క లైను వల్ల మీకు పడే భారం 56,640 రూపాయలు. నేను పైన చెప్పిన మొత్తం టిప్ 12,600. నాలుగు రెట్ల పైనే. జీఎస్టీ ప్రభుత్వానికి పోతుంది, అది కట్టి తీరాలి. సర్వీస్ ఛార్జ్ అలాంటిది కాదు. అది హోటల్ ఖాతాకి పోతుంది, అందులో కుర్రాళ్ళకి ఎంత చేరుతుందో బిల్లు చూసి మీరు చెప్పలేరు.

కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ళు, రెస్టారెంట్లు బిల్లులో సర్వీస్ ఛార్జిని తమంతట తాము కలపకూడదు, ఇంకో పేరు పెట్టి కూడా వసూలు చెయ్యకూడదు, ఇవ్వాలా వద్దా అన్నది కస్టమర్ ఇష్టమని కస్టమర్‌కి చెప్పాలి. హోటళ్ళ, రెస్టారెంట్ల సంఘాలు దీని మీద కోర్టుకి వెళ్ళాయి. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు ఇచ్చింది. వినకపోతే 1915 అనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది.

కానీ గొడవ దాకా వెళ్ళక్కర్లేదు. అడ్వాన్స్ కట్టే ముందు బ్యాంక్వెట్ మేనేజర్‌తో నెమ్మదిగా ఒక్క మాట: "సర్వీస్ ఛార్జ్ తీసేసి కొటేషన్ మళ్ళీ పంపండి, మీ వాళ్ళని మేమే చూసుకుంటాం." నేను మాట్లాడినప్పుడు ఎక్కువ చోట్ల తీసేశారు. కొందరు తీసేసి ప్లేటు రేటు 50 రూపాయలు పెంచుతామంటారు. అప్పుడు బేరం ప్లేటు రేటు మీద చెయ్యండి, అది మీకు తెలిసిన బేరమే. ఈ మాట ఫంక్షన్ అయ్యాక రాత్రి పన్నెండింటికి బిల్లు కౌంటర్ దగ్గర ఎత్తితే మాత్రం టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. అప్పటికి పెళ్ళికూతురు కారెక్కి మీ కోసం చూస్తుంటుంది.

కెప్టెన్ చేతిలో పాతిక వేలు ఎందుకు వద్దు

ఇది నా కళ్ళముందు జరిగింది. నేను వాష్ ఏరియాలో చేరిన రెండో సీజన్. మాఘమాసం, ముహూర్తాలు వరసగా ఉన్న వారం. ఆ రోజు 600 మంది. సింకు పక్కన ప్లేట్ల దొంతర నా భుజం దాకా వచ్చేది, అది తగ్గేలోపు ఇంకో ట్రాలీ వచ్చేది. ఆవిరికి గోడలు చెమటలు పట్టేవి. వేడినీళ్ళలో నానీ నానీ వేళ్ళ చివర్లు తెల్లగా ముడతలు పడి, నిమ్మకాయ ముక్క తగిలితే భగ్గుమనేవి. ఒంటిగంటన్నరకి పని అయింది. పెళ్ళికొడుకు తండ్రి 20,000 ఇచ్చారని సర్వర్లు చెప్పుకున్నారు. మేం వెనక గుమ్మం దగ్గర నిలబడ్డాం. కెప్టెన్ వచ్చి సర్వర్లకి తలా 100 ఇచ్చాడు. మా వైపు చూడలేదు. నాతో పనిచేసే టెక్కలి కుర్రాడు మెల్లిగా అడిగాడు, "ఏటన్నా, మనకేటీ లేదా?" అని. "మీకు ఫంక్షన్‌తో సంబంధం ఏంట్రా, మీరు లోపలికి రాలేదు కదా" అన్నాడు కెప్టెన్.

ఆ పెళ్ళికొడుకు తండ్రి మంచి మనిషే. మనస్ఫూర్తిగానే ఇచ్చారు. ఆయన ఇచ్చిన డబ్బు ఎవరికి చేరిందో ఆయనకి ఈ రోజుకీ తెలియదు.

కెప్టెన్లందరూ అలాంటివాళ్ళే అని నేను అనడంలేదు. నేనే కెప్టెన్‌గా చేశాను, మెనూ కార్డు వెనకాల పేర్లు రాసి ఎవరికెంత ఇచ్చానో పక్కన సంతకాలు పెట్టించేవాడిని. కానీ మీ హోటల్లో ఎలాంటి కెప్టెన్ దొరుకుతాడో మీకు ముందు తెలియదు కదా. ఇంకోటి, ఇప్పుడు సర్వ్ చేసేవాళ్ళలో సగం మంది హోటల్ మనుషులు కారు. ముహూర్తాలు ఎక్కువున్న రోజుల్లో కాంట్రాక్టర్ ద్వారా రోజు బేటా మీద కుర్రాళ్ళని తెస్తారు. గాజువాక, పెందుర్తి, కొత్తవలస వైపు నుంచి వస్తారు, కొందరు చదువుకుంటూ ఫీజు కోసం వచ్చే డిగ్రీ పిల్లలు. హోటల్ వాళ్ళే యూనిఫాం ఇస్తారు కాబట్టి మీకు తేడా కనిపించదు. మర్నాడు హోటల్లో టిప్ డబ్బు పంచుకునే వేళకి వీళ్ళు ఇంకో మండపంలో ఉంటారు. ఆ రాత్రి చేతికి అందితేనే వాళ్ళది.

ఎప్పుడు, ఎవరు, ఎలా

మొదటి పని ఫంక్షన్‌కి ముందే ఉంది. ప్రతి బ్యాంక్వెట్‌కీ హోటల్లో ఒక కాగితం తయారవుతుంది, ఎఫ్.పి. అంటారు, ఫంక్షన్ ప్రాస్పెక్టస్. మెనూ, సమయం, ఎన్ని ప్లేట్లు, ఎన్ని టేబుళ్ళు అన్నీ అందులోనే ఉంటాయి, అన్ని విభాగాలకీ అదే వెళ్తుంది. మీ కాపీ అడిగి తీసుకోండి. ఆ రోజు డ్యూటీలో ఏ విభాగంలో ఎంతమంది ఉంటారో మేనేజర్‌ని అడిగి ఆ కాగితం మీదే అంకెలు రాసుకోండి. మీ కవర్ల జాబితా అదే.

రెండోది, రిసెప్షన్ ఏడింటికైతే సాయంత్రం ఐదున్నర, ఆరు మధ్య కెప్టెన్ సిబ్బంది అందరినీ వరసలో నిలబెట్టి బ్రీఫింగ్ ఇస్తాడు. మీ ఇంటి మనిషి ఒకరు ఆ రెండు నిమిషాలు అక్కడ ఉండాలి. "మా చెల్లెలి ఫంక్షన్ అండి. మీ అందరినీ పేరు పేరునా మేం చూసుకుంటాం. అతిథుల దగ్గర మాత్రం ఎవరూ అడగొద్దు" అని అందరూ వినేలా చెప్పాలి. ఈ ఒక్క మాటతో రెండు పనులవుతాయి. చేతులు కడుక్కునే చోట "సార్, చూడండి సార్" అని మీ బంధువుల వెంటపడడం ఆగిపోతుంది. ఒక్కరి చేతిలో పెట్టరని, తమకి విడిగా అందుతుందని కుర్రాళ్ళకి తెలుస్తుంది. నేను ఈ మాట చెప్పించిన ఫంక్షన్లలో పన్నీరు ట్రే ఖాళీ అయిందని అతిథి చెప్పాల్సిన అవసరం రాలేదు, కుర్రాడే ముందు చూసుకున్నాడు.

డబ్బు మాత్రం ముందు ఇవ్వకండి. ఒకసారి పెళ్ళికూతురి పెదనాన్నగారు సాయంత్రమే నలుగురు సర్వర్లకి 500 చొప్పున ఇచ్చారు. ఆ నలుగురూ రాత్రంతా ఆయన కూర్చున్న టేబుల్ చుట్టూనే తిరిగారు. మగపెళ్ళివారు కూర్చున్న వైపు మంచినీళ్ళు అడిగినా దిక్కులేదు. ఆ మాట తర్వాత రెండు కుటుంబాల మధ్య ఆరు నెలలు నలిగింది. ఇవ్వాల్సిన సమయం ఆఖరి అతిథి చెయ్యి కడిగాక, కాంట్రాక్ట్ కుర్రాళ్ళ వ్యాన్ కదలక ముందు. మామూలుగా పదకొండున్నర నుంచి పన్నెండున్నర లోపు. పన్నెండున్నర దాటితే గాజువాక వైపు వెళ్ళేవాళ్ళు ఉండరు.

పంచే మనిషిగా నాన్నగారిని పెట్టకండి. ఆ సమయానికి ఆయన చదివింపుల సంచి, బిల్లు, వియ్యంకుడి వీడ్కోలు, మూడింటి మధ్య ఉంటారు. మేనమామ మంచివాడు. లెక్క తెలిసి, నిద్రకి ఆగగలిగి, నలుగురితో నవ్వుతూ మాట్లాడే మేనమామ ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. లేదా మీరే.

నోట్లు వారం ముందే బ్యాంకు నుంచి తెచ్చుకోండి, 200వి ఒక కట్ట, 100వి ఒక కట్ట. పెళ్ళిళ్ళ రోజుల్లో చిల్లర నోట్లకి అందరూ వస్తారు, ఆఖరి రోజు వెళ్తే 500 నోట్లే ఇస్తారు, అర్ధరాత్రి వాటికి చిల్లర దొరకదు. ఫోన్‌పే చేసేస్తామంటారు చాలామంది. 40 మందికి 40 సార్లు స్కాన్ చేసే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి అది చివరికి ఒక్క నంబర్‌కే వెళ్తుంది, మళ్ళీ పాత కథే. చదివింపుల కవర్లు, అదే రూపాయి బిళ్ళ అంటించినవి, ఓ యాభై కొనండి. 200 నోటు పెడితే 201 అవుతుంది. మన వైపు పెద్దవాళ్ళు సున్నాతో ముగించి ఇవ్వరు కదా. తీసుకునే కుర్రాడికి కూడా అది కూలి డబ్బులా ఉండదు, పెళ్ళివారింటి నుంచి వచ్చినట్టు ఉంటుంది. చాలామంది ఆ కవర్ పారేయరు, మడిచి జేబులో పెట్టుకుంటారు.

వంటగది 3,000 మాత్రం విడివిడిగా ఇవ్వలేరు, లోపలికి మిమ్మల్ని రానివ్వరు. షెఫ్‌ని కిచెన్ గుమ్మం దాకా పిలిపించి, ఇద్దరు ముగ్గురు కమీలు, అంటే కింది కుక్కులు, పక్కన ఉండగా "ఇది అందరికీ" అని చెప్పి ఇవ్వండి. నలుగురి ముందు చెప్పిన మాటకి ఉండే బరువు వేరు.

బ్యాంక్వెట్ మేనేజర్‌కీ, సేల్స్ వాళ్ళకీ డబ్బు వద్దు. వాళ్ళ ఉద్యోగం వేరు. స్వీట్ బాక్స్, తాంబూలం ఇవ్వండి, చాలు.

ఎవరికీ గుర్తురాని మనుషులు

లేడీస్ బాత్రూం దగ్గర ఒక ఆవిడ నిలబడి ఉంటుంది. సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా కుర్చీ ఉండదు. పట్టుచీర తడిసిందని, పిన్ను ఊడిందని, పాపకి బట్టలు మార్చాలని వచ్చే ప్రతి ఒక్కరికీ ఆవిడే దిక్కు. 2016లో అనుకుంటా, నేను సూపర్‌వైజర్‌గా ఉన్న ఫంక్షన్‌లో మా హౌస్ కీపింగ్ అమ్మ వాష్ బేసిన్ అంచున సబ్బు నురగలో ఒక చెంపస్వరం చూసింది. ముత్యాలు గుచ్చిన బంగారం. టిష్యూలో చుట్టి పిడికిట్లో పట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా, నేను వచ్చేదాకా అలాగే నిలబడింది. నా ముందు టిష్యూ విప్పింది, ఇంకా తడిగా ఉంది. స్టేజి మీద ఫొటోలు దిగుతున్న పెళ్ళికూతురికి అప్పటిదాకా చెవి బోసిగా ఉందన్న సంగతే తెలియదు. ఆ రాత్రి పెళ్ళివారు కెప్టెన్‌కి 2,000, సర్వర్లకి 200 చొప్పున ఇచ్చారు. ఆవిడ పేరు జాబితాలో లేదు. నేను వెళ్ళి చెప్తే, పెళ్ళికూతురి తల్లి పరుగున వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుని, 1,116 రూపాయలు, చీర పెట్టారు. నేను చెప్పకపోతే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనిపిస్తుంది. అందుకే మీ జాబితాలో హౌస్ కీపింగ్ నలుగురిలో కనీసం ఇద్దరు ఆడవాళ్ళ పేర్లు ఉన్నాయో లేదో చూడండి.

ఎలక్ట్రీషియన్ కూడా అంతే. డీజే వాళ్ళు పెద్ద సెట్ తగిలించి లైన్ ట్రిప్ అయినప్పుడు చీకట్లో పరిగెత్తేది అతనే.

వాలే కుర్రాళ్ళకి అతిథులు ఎలాగూ ఇస్తారు కదా అంటారు. కొందరు ఇస్తారు, కొందరు ఇవ్వరు. బీచ్ రోడ్డులో శని, ఆదివారాలు సాయంత్రం కారు పెట్టడానికి చోటు దొరకదు, ఎక్కడో పక్క వీధుల్లో పెట్టి నడిచి వస్తారు. వాళ్ళని తీసేయకండి.

సర్వీస్ బాగోలేకపోతే?

తగ్గించండి, కానీ ఎవరి తప్పో చూసి తగ్గించండి. ఒక ఫంక్షన్‌లో పెళ్ళివారు 300 ప్లేట్లకి గ్యారంటీ ఇచ్చారు. వచ్చింది 450 మంది. తొమ్మిదిన్నరకి బిర్యానీ అడుగంటింది. వంటగది మళ్ళీ అన్నం వార్చి, కూర పలచన చేసి ఎలాగో గట్టెక్కించింది. సర్వర్లు ఆ గంటన్నరా తిట్లు తింటూనే పరిగెత్తారు. చివర్లో ఇంటాయన "బిర్యానీ అయిపోయిన ఫంక్షన్‌కి టిప్ ఏంటి" అని కవర్లన్నీ వెనక్కి జేబులో పెట్టుకున్నారు. లెక్క తప్పింది ఆయనది. ఆ రాత్రి అందరికన్నా ఎక్కువ కష్టపడింది ఆ కుర్రాళ్ళే.

వంట బాగోలేదంటే ఆ సంగతి షెఫ్‌తో, మేనేజర్‌తో బిల్లు దగ్గర మాట్లాడండి. కెప్టెన్ కనబడకుండా పోయాడంటే అతని 1,000 ఆపండి. సర్వర్ ఎవరైనా మీ ఇంటి పెద్దలతో దురుసుగా మాట్లాడితే అతనిది ఆపండి. ప్లేట్లు కడిగినవాళ్ళ 200 మాత్రం దేనికీ ఆపకండి. వాళ్ళు ఏ తప్పూ చేసే చోట ఉండరు.

డబ్బు కాకుండా

సిబ్బంది భోజనం సంగతి అడగండి. చాలా హోటళ్ళలో బ్యాంక్వెట్ కుర్రాళ్ళు ఫంక్షన్ తిండి ముట్టుకోకూడదు. సాయంత్రం ఐదింటికి క్యాంటీన్లో తిన్న అన్నమే, మళ్ళీ అర్ధరాత్రి దాకా ఏమీ ఉండదు. కళ్ళముందు రొయ్యలు, గులాబ్ జామూన్లు తిరుగుతుంటాయి. ఫంక్షన్ అయ్యాక బఫేలో మిగిలింది సిబ్బంది తినొచ్చు అని ఎఫ్.పి.లో ఒక లైను రాయించండి. హోటల్ ఒప్పుకోకపోతే 40 స్వీట్ బాక్సులు బయట నుంచి తెప్పించి కవర్‌తో పాటు ఇవ్వండి. పెళ్ళివారి స్వీట్ ఇంటికి తీసుకెళ్ళి పిల్లల చేతిలో పెట్టడం వాళ్ళకి ఎంత ఇష్టమో నాకు తెలుసు.

మర్నాడు హోటల్ పేజీలో రివ్యూ రాసేటప్పుడు బాగా చేసిన ఇద్దరు ముగ్గురి పేర్లు రాయండి. కాంట్రాక్ట్ కుర్రాడు పర్మనెంట్ అయ్యే రోజున మేనేజర్ చూసే కాగితాల్లో అదీ ఒకటి. నాకు కెప్టెన్ ప్రమోషన్ ఇచ్చేటప్పుడు ఫైల్లో ఇలా అతిథులు రాసిన మూడు ఉత్తరాలున్నాయి.

కల్యాణ మండపంలో చేసి వంట బయటి వాళ్ళకి అప్పగిస్తే పద్ధతి వేరు. అక్కడ వంట మేస్త్రికి తాంబూలంలో పంచెల చాపు పెట్టడం మనకి ఎప్పటి నుంచో ఉంది, వడ్డన కుర్రాళ్ళకి ఆయనే పంచుతాడు. హోటల్లో ఆ అలవాటు పోయింది. ఒక్కసారి మాత్రం చూశాను. విజయనగరం నుంచి వచ్చిన ఒక నాయనమ్మ గారు "వంట చేసినాయనకి బట్టలు పెట్టకుండా ఎలా" అని పట్టుబట్టి, కిచెన్ గుమ్మం దాకా కర్ర పట్టుకుని నడిచి వచ్చారు. మా షెఫ్ ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ వాడు, తెలుగు నాలుగు ముక్కలు వచ్చు. ఏప్రాన్‌కి చేతులు తుడుచుకుని వంగి తీసుకున్నాడు. అది పొందూరు పంచె అని, చేత్తో వడికి నేసిందని నేను చెప్తే, లైటు కింద ఒక మడత విప్పి వేలితో నేత తడిమి చూశాడు. తర్వాత ఊరికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నకి ఇచ్చానని చెప్పాడు.

ఇక ఆ 2,400 ఎందుకో చెప్తానన్నాను. రుషికొండ వైపు లాన్‌లో ఒక రిసెప్షన్. జ్యేష్ఠం. ఏడుంపావుకి ఈదురు గాలి లేచింది, వెనకే వాన. పన్నెండు మంది కుర్రాళ్ళు బూట్లు విప్పి పక్కన పడేసి, మరిగే నీళ్ళున్న చేఫింగ్ డిష్‌లతో, అంటే వంటకాల్ని వేడిగా ఉంచే పాత్రలతో, సహా బఫే మొత్తం లోపలి హాల్లోకి మోశారు. 300 కుర్చీలు. అరగంటలో హాల్లో మళ్ళీ ఫంక్షన్ నడుస్తోంది. పెళ్ళికూతురి మేనమామ దగ్గర విడిగా ఉంచిన డబ్బుంది. ఆ పన్నెండు మందికీ తలా 200 ఎక్కువ ఇచ్చారు, లెక్క సరిగ్గా 2,400. మీది వైశాఖం, మీరు లాన్ తీసుకోలేదు కాబట్టి బహుశా అవసరం రాదు. వాడకపోతే ఇంటికే వస్తుంది.

చివరగా ఒక చిన్న సంగతి. మేనమామ గారు కవర్లు పట్టుకుని బయల్దేరేటప్పుడు హాల్లో నుంచి మొదలుపెట్టకుండా వెనక నుంచి మొదలుపెట్టమనండి. హాల్లోవాళ్ళు ఎలాగూ కనబడుతూనే ఉంటారు, వెనకవాళ్ళ దగ్గరికి వెళ్ళేసరికి కవర్లు అయిపోతాయి. సర్వీస్ లిఫ్ట్ ఎక్కడని కెప్టెన్‌ని అడిగితే చూపిస్తాడు. దిగగానే నీళ్ళ చప్పుడు వినిపిస్తుంది, అదే వాష్ ఏరియా. నేల జారుతుంది, పంచె కాస్త పైకి పట్టుకుని నడవమనండి.